గోఫ్ అయిన జాడీ

“అమ్మా, ఈ పచ్చడి గోఫ్ అయింది. పారేసేదా?” అని మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది.

సోఫాలో కాళ్ళు బారజాపుకుని ఇంటర్ లెక్కల పుస్తకంతో కుస్తీ పడుతున్న మనవరాలు చటుక్కున తలెత్తింది. “గోఫా? అది మా ప్రమేయాల పాఠంలో ఉంది కదమ్మా. పచ్చడికీ దానికీ ఏం సంబంధం?”

“పచ్చడికి బూజు పడితే గోఫ్ అయిందంటారు. అంతే. లెక్కలూ లేవు, గిక్కలూ లేవు” అంది మా అమ్మాయి.

దాని తప్పేమీ లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో ఆ మాట వింటూ పెరిగింది. లోకంలో అందరూ అలాగే అంటారనుకుంది. పెళ్ళైన కొత్తలో వాళ్ళ అత్తగారితో “ఆవకాయ గోఫ్ అయిందండీ అత్తయ్యా” అందట. ఆవిడ అదేదో ఇంగ్లీషు మాట అనుకుని, తనకు రాదని కోడలికి తెలిసిపోతుందేమోనని, “అవునమ్మా, నేనూ చూశాను” అని ఊరుకుందట.

ఆ మాట పుట్టింది మా ఇంట్లో. వాడుకలో పెట్టింది మా నాయనమ్మ. కారణం నేను. ఇన్నేళ్ళూ గుట్టుగానే నెట్టుకొచ్చాను గానీ, మనవరాలు పుస్తకం పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇక చెప్పక తప్పలేదు.

మా ఊరు అద్దంకికీ వినుకొండకీ నడుమ. రోడ్డుకి ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. మాఘమాసం దాటిందంటే ఊరంతా ఎర్రగా ఉండేది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి పెద్దా చిన్నా అందరూ కళ్ళు తుడుచుకుంటూనే తిరిగేవాళ్ళం. ఆ నెలల్లో మా ఊరికి కొత్తగా వచ్చిన మనిషి బస్సు దిగి, అందరి కళ్ళల్లో నీళ్ళు చూసి, “ఎవరండీ పోయింది?” అని మెల్లగా అడిగేవాడు.

మా బడి కూడా కళ్ళాల పక్కనే. గాలి అటునుంచి వీచినప్పుడు క్లాసంతా తుమ్మేది. లెక్కల పీరియడ్‌లో గాలి లేకపోయినా తుమ్మేది. ఒకరు మొదలుపెడితే నలభైమంది అందుకునేవాళ్ళం. మాస్టారు సుద్దముక్క పట్టుకుని, తుమ్ములు తగ్గేదాకా బోర్డు వైపు తిరిగి నిలబడేవారు.

ఆ లెక్కల మాస్టారు గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. ఒంటరి మనిషి. మా ఇంటి వీధి గదిలోనే అద్దెకుండి చేతులు కాల్చుకునేవారు. వచ్చిన మొదటి రోజే నాయనమ్మ ఒక గిన్నెడు పండుమిరపకాయ పచ్చడి పంపింది. ఆయన దాన్ని పప్పు కలుపుకున్నట్టు కలుపుకున్నారు. రెండో ముద్దకే గదిలోంచి దగ్గూ పొలమారడమూ వినిపించి మా అమ్మ బిందెతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తింది. చెవులు ఎర్రబడి, ముక్కు కారుతూ, మాట రాని స్థితిలో ఉన్నారు. ఇంకెప్పుడూ ఆ గిన్నె జోలికి రారనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఆయనే కడిగిన గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

“ఇంకొంచెం ఉందాండీ?”

మా నాయనమ్మకి ఆ ఒక్క మాటతో ఆయన చుట్టమైపోయారు.

ఇక నా సంగతి. పదో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో నాకు పద్దెనిమిది వచ్చాయి. వందకి. మా నాన్న కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “ఇట్టాగే పబ్లిక్‌లో కూడా తప్పావంటే చదువు చాలమ్మాయ్. కళ్ళంలో తాలు ఏరడానికి మనిషి తక్కువైంది” అన్నాడు. బెదిరింపు కాదు. నిజంగానే మనిషి తక్కువైంది.

తాలు ఏరడమంటే రంగు పోయి తెల్లబడిన కాయల్ని ఎర్రకాయల్లోంచి వేరు చేయడం. ముందటేడు సెలవుల్లో పది రోజులు చేశాను. సాయంత్రానికి చేతులు భగభగ మండేవి. మజ్జిగ గిన్నెలో వేళ్ళు ముంచుకుని కూర్చునేదాన్ని. నాకేమో కాలేజీకి వెళ్ళాలనుండేది. చదువు మీద మోజు కాదు, ఒట్టు. కాలేజీ పిల్లలు సంచీ లేకుండా రెండు పుస్తకాలు గుండెకి అదుముకుని బస్సు కోసం నిలబడతారు చూశారూ, అలా నిలబడాలని. ఆ నిలబడటానికీ నాకూ మధ్య లెక్కలు అడ్డం నిలబడ్డాయి.

నాయనమ్మ మాస్టారి దగ్గరికి వెళ్ళి బేరం పెట్టింది. “మేస్టారూ, ఈ పిల్లకి లెక్కలొచ్చేట్టు చెయ్యి. ఏడాదికి సరిపడా పండుమిరపకాయ పచ్చడి, జాడీడు నీకు.” ఆమె వాక్యం పూర్తయ్యేలోపే మాస్టారు ఒప్పేసుకున్నారు.

ట్యూషన్ బాగానే సాగింది, ప్రమేయాలు వచ్చేదాకా. ప్రమేయమంటే ఒక పని అన్నారు మాస్టారు. ఏదైనా లోపల వేస్తే దాన్ని మార్చి బయటికి ఇస్తుంది. సరే. రెండు ప్రమేయాలు ఒకదాని తర్వాత ఒకటి చేస్తే సంయుక్త ప్రమేయం. అదీ సరే. కానీ దాన్ని రాసేది జి, పక్కన చిన్న సున్నా, ఆ పక్కన ఎఫ్. మేం దాన్ని గోఫ్ అని చదివేవాళ్ళం. తిరగేస్తే ఫాగ్.

“గోఫ్‌లో ముందు ఏ పని చేయాలి?”

“జి” అన్నాను.

“కాదు. ఎఫ్.”

“ముందు రాసింది జి కదండీ.”

“రాసింది ముందే. చేసేది తర్వాత.”

నాకు ఒళ్ళు మండింది. “మాస్టారూ, బస్సు బోర్డు మీద అద్దంకి, వినుకొండ అని రాసుంటే ముందు ఏ ఊరొస్తుందండీ?”

మాస్టారు కాసేపు ఆలోచించారు. “ఆ బస్సు వినుకొండ నుంచి తిరిగొస్తోంది. బోర్డు మార్చడం మర్చిపోయారు. అలా అనుకో.”

“ప్రతి రోజూ మర్చిపోతారా?”

“ఆయ్, ప్రతి రోజూనూ. లెక్కల్లో అంతే.”

ఇప్పుడు ఆలోచిస్తే నా వాదనలో న్యాయం ఉందనే అనిపిస్తుంది. మనం తెలుగువాళ్ళం. వండి, వడ్డించి, తిని, కడుగుతాం. ఏది ముందు చేస్తామో అదే ముందు చెబుతాం. ఈ గోఫ్‌ని కనిపెట్టినవాడెవడో ముందు కడిగి, తిని, వడ్డించి, వండే రకం. కానీ మార్కులు వేసేది నేను కాదు. వారం రోజులు పోట్లాడి లొంగిపోయాను. మధ్యలో సున్నా కనిపిస్తే కుడి నుంచి ఎడమకి. కళ్ళు మూసుకుని అదే సూత్రం.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, లొంగాక ఇక నాకు పట్టపగ్గాలు లేవు. మాస్టారు ఇంట్లో జరిగే జంట పనులు అయిదు ప్రమేయాలుగా రాసుకురమ్మన్నారు. నోటుబుక్కు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మా అమ్మ చీర ఉతికి ఆరేస్తుంటే పక్కన నిలబడి ఉతుకు, సున్నా, ఆరెయ్ అని రాసుకున్నాను. “దీనికి ఎవరో చేతబడి చేశారు” అంది మా అమ్మ.

అదే వారం పచ్చడి రోజు వచ్చింది. చేలోంచి రెండు బుట్టల పండుమిరపకాయలు దిగాయి. నాయనమ్మకేమో వాళ్ళ చెల్లెలి మనవడి బారసాలకి పక్క ఊరు వెళ్ళాలి. మా అమ్మా నాన్నా చేలో ఉన్నారు. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ గుమ్మంలోంచి చెప్పింది.

“ఒసేయ్, కాయలు కడిగి తొడిమలు తీసి పెట్టు. దంచడం నేనొచ్చాక చూసుకుంటా. తడి లేకుండా తుడిచి ఆరబెట్టడం మర్చిపోయేవు. వింటున్నావా?”

వింటున్నాను. నోటుబుక్కులో అయిదో ఉదాహరణ ఇంకా ఖాళీగా ఉంది. అందులో రాసుకున్నాను: కడుగు, సున్నా, తొడిమ తీయి.

నాయనమ్మ వెళ్ళింది. నేను బుట్టల ముందు కూర్చుని నోటుబుక్కు తెరిచాను. మధ్యలో సున్నా ఉంది. అంటే కుడి నుంచి ఎడమకి. ముందు తొడిమ. తర్వాత కడగడం.

నాకు అనుమానం రాలేదనను. ఒక్క క్షణం వచ్చింది. కానీ తొడిమ దగ్గరే కదా మట్టి ఉండేది, తీసి కడిగితే ఇంకా శుభ్రం అని సర్దిచెప్పుకున్నాను. నాయనమ్మ చదువుకోలేదు, మాట వరసకి అలా అనేసిందిలే అని జాలి కూడా పడ్డాను. రెండు బుట్టల కాయలకీ తొడిమలు తీసి, పెరట్లో గోలెం నిండా నీళ్ళు పోసి, మూడుసార్లు కడిగి, ఒక్కొక్క కాయా పాత పంచెతో తుడిచి నీడన ఆరబెట్టాను. గోలెంలో మిరపగింజలు తేలుతుంటే చేత్తో కలిపి ఆడుకున్నాను కూడా.

సాయంత్రం నాయనమ్మ వచ్చి చూసింది. కాయలు నిగనిగలాడుతున్నాయి. “నా బంగారు తల్లే” అంది. ఆమె నన్ను అలా అనడం అదే మొదటిసారి. చింతపండూ ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచింది. మూడో రోజున మళ్ళీ నూరి, ఇంటికి పెద్ద జాడీ, మాస్టారికి చిన్న జాడీ ఎత్తి, మూతులకి గుడ్డతో వాసెన కట్టింది. కొసన కాస్త మిగిలితే రోట్లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి అందరికీ ముద్దలు పెట్టింది. ఆ ముద్ద కోసం నేను ఇంకో పది లెక్కలు చేయమన్నా చేసేదాన్ని.

పది రోజుల తర్వాత మాస్టారు జాడీ పట్టుకుని లోపలికొచ్చారు. మొహం ఎలా పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతున్నారు.

“కోప్పడకండమ్మా. పైన తెల్లగా ఏదో కనిపిస్తోందండి.”

నాయనమ్మ వాసెన లాగి చూసింది. పచ్చడి మీద దూదిపింజ పరిచినట్టు బూజు.

“తడి గరిటె పెట్టుంటావయ్యా మేస్టారూ.”

“లేదండి. గరిటె ఎండబెట్టి మరీ వాడానండి.”

“మరి బూజెట్టా వచ్చింది? కాపరానికొచ్చిన కాడ్నుంచీ నా జాడీకి బూజన్న మాట లేదు. మీ వైపు పప్పులోనూ బెల్లమే, పులుసులోనూ బెల్లమే. ఆ బెల్లం చెయ్యే పెట్టుంటావ్!”

మాస్టారి మొహం కందగడ్డయింది. “నన్నేమన్నా పడతానండి. మా వైపు మాట ఎత్తకండి” అని జాడీ అరుగు మీద పెట్టి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నాయనమ్మ ఇటు తలుపేసింది. ట్యూషన్ ఆగిపోయింది. పబ్లిక్ పరీక్షలకి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

“అయితే పెద్ద జాడీ కూడా తెరిచి చూడొచ్చుగా అత్తయ్యా” అని మా అమ్మ అంది. “నా జాడీకేం? దిట్టంగా ఉంది” అని నాయనమ్మ కసిరింది. తెరవలేదు.

మాస్టారు లేకుండా నేనొక్కదాన్నే కూర్చుని లెక్కలు చేస్తున్నాను. ఎఫ్ అంటే ఒకటి కలపడం. జి అంటే వర్గం చేయడం. మూడు తీసుకో. గోఫ్ అయితే ముందు ఒకటి కలిపి నాలుగు, దాని వర్గం పదహారు. ఫాగ్ అయితే ముందు వర్గం తొమ్మిది, ఒకటి కలిపితే పది. అవే పనులు, అదే మూడు. వరస మారితే ఒకచోట పదహారు, ఒకచోట పది. ఏదో తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

నోటుబుక్కు పేజీ వెనక్కి తిప్పితే అయిదో ఉదాహరణ కనిపించింది. నాయనమ్మ చెప్పిన వరసలో రాశాను. మాస్టారు చెప్పిన వరసలో చదివాను. గోలెంలో తేలిన మిరపగింజలు గుర్తొచ్చాయి. లోపలి గింజ బయటికి వచ్చిందంటే, బయటి నీళ్ళు లోపలికి వెళ్ళే ఉంటాయి.

సంయుక్త ప్రమేయం నాకు అర్థమైంది అప్పుడే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నింద మాస్టారి గరిటె మీద ఉంది. ఉండనీ అనుకున్నాను, అబద్ధమెందుకు, ఒక రోజంతా అలాగే అనుకున్నాను. కానీ వీధి గదిలోంచి ఉత్త మజ్జిగన్నం తింటున్న చప్పుడు వినిపించేది. చారు పెట్టుకోవడం కూడా మానేశారాయన. రెండో రోజు సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని ఆ తలుపు తట్టాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, చివరికి మంచం పట్టె పట్టుకుని నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నారు.

“మీ నాయనమ్మగారికి ఇది నువ్వే చెప్పాలి. నేను చెబితే నా గరిటెని వెనకేసుకొచ్చినట్టుంటుంది.”

చెప్పాను. ఇంట్లో అందరూ ఉండగా, మాస్టారు గుమ్మం బయట నిలబడి ఉండగా, “పెద్ద జాడీ తెరువు నాయనమ్మా” అన్నాను. నా మొహంలో ఏం చూసిందో, తిట్టకుండా వెళ్ళి వాసెన విప్పింది. ఏడాది పచ్చడి. తెల్లగా ఉంది. నేను నోటుబుక్కు అడ్డం పెట్టుకుని గబగబా అంతా చెప్పేశాను, గోఫ్‌తో సహా.

మా నాన్న చెయ్యి ఎత్తాడు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. నా వైపు తిరిగి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

“తొడిమ తీస్తే కాయ నోరు తెరుస్తుందే. నోరు తెరిచినదాని మీద నీళ్ళు పోస్తే తాగదంటే?”

ఏడాదంతా మాస్టారు సుద్దముక్కలు అరగదీసి చెప్పింది ఆ రెండు ముక్కల్లో ఉంది. మాస్టారు కూడా అదే అనుకున్నట్టున్నారు, తల ఊపుతూ లోపలికి వచ్చారు. నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“మేస్టారూ, తీసిన తొడిమని మళ్ళీ అతికించే లెక్కుందా మీ పుస్తకంలో?”

“ఉందండి. విలోమ ప్రమేయం అంటారు. చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది. కానీ అన్నిటికీ ఉండదండి. మిరపకాయకి లేదండి.”

“అతికించడం రానప్పుడు తియ్యడం ఎందుకు నేర్పుతారయ్యా పిల్లలకి?”

నాయనమ్మ జన్మలో ఎవరినీ క్షమాపణ అడిగిన మనిషి కాదు. అప్పుడూ అడగలేదు. “అన్నానికి లోపలికి రండి” అని పిలిచి, ఆకు వేసి, పప్పు వడ్డించింది. మేమూ కలుపుకుని నోట్లో పెట్టుకున్నాం. పప్పులో బెల్లం. మా ఇంట్లో అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు. మా నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కలేక, వాళ్ళమ్మ వంక చూశాడు. “తిను, నోరెత్తకుండా తిను” అందామె. మాస్టారు తల వంచుకుని రెండుసార్లు వేయించుకున్నారు.

పరీక్షలో ఆ లెక్క వచ్చింది. ఫాగ్, గోఫ్ రెండూ కనుక్కోమన్నారు. నాకు నవ్వాగలేదు. కాపలా ఉన్న టీచరు వచ్చి నా గౌను జేబులో చిట్టీలున్నాయేమోనని వెతికింది. నలభై ఒకటి వచ్చాయి. మా నాన్న కాగితం అటూ ఇటూ తిప్పి, “అయితే తాలు ఏరేదెవరు?” అని గొణిగి, కాలేజీలో చేర్చాడు. పుస్తకాలు గుండెకి అదుముకుని బస్సు కోసం నిలబడ్డాను. మొదటి రోజే బస్సులో జనం తోసేస్తే రెండూ కింద పడ్డాయి. మర్నాటి నుంచి సంచీ పట్టుకెళ్ళాను.

ఆఖరి కోత కాయలతో నాయనమ్మ మళ్ళీ పచ్చడి పెట్టింది. ఈసారి కడిగిందీ, తుడిచిందీ, ఆరాక తొడిమలు తీసిందీ నేనే. ఆమె పక్కన పీట వేసుకుని కాపలా కూర్చుంది. వేసవిలో మాస్టారికి సొంత జిల్లాకి బదిలీ అయింది. జాడీని ఒళ్ళో పెట్టుకుని, పెట్టె మాత్రం బస్సు పైన వేయించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

గోఫ్ మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. బూజు పట్టిన పచ్చడి గోఫ్. చెప్పులేసుకుని ఆ తర్వాత ప్యాంటు వేసుకోబోయిన మా బాబాయి గోఫ్. శుభలేఖలు పంచాక ముహూర్తం పెట్టించుకున్న ఎదురింటివాళ్ళు గోఫ్. అక్షరమ్ముక్క రాని మా నాయనమ్మ ఆ మాటని ఊరంతా తిప్పింది.

ఇదంతా విని మా అమ్మాయి పచ్చడి సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మనవరాలు పేజీ తిప్పి, “అమ్మమ్మా, తర్వాతి పాఠం విలోమ ప్రమేయమే. నీకు నేర్పనా?” అంది. వద్దులే, నువ్వు చదువుకో అన్నాను.

నేను కాలేజీ నుంచి సెలవులకి ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ నాయనమ్మ అడిగేది, “ఆ అతికించే లెక్క చెప్పారంటే?” అని. ఇంకా లేదు నాయనమ్మా అనేదాన్ని. పెళ్ళై వెళ్ళాక కూడా అడిగేది. ఆఖరి రోజుల్లో ఆమెకి అన్నీ కలగాపులగమయ్యాయి. నన్ను మా మేనత్త పేరుతో పిలిచేది. ముందు మజ్జిగన్నం పెట్టమని, ఆ తర్వాత పప్పన్నం అడిగేది. మా అమ్మ విసుక్కునేది గానీ, నేను వెళ్ళినప్పుడు ఆమె అడిగిన వరసలోనే పెట్టేదాన్ని.

ఒకరోజు అలా మజ్జిగన్నం తినిపించి, పప్పన్నం కలుపుతుంటే, నా చెయ్యి పట్టుకుని నా పేరే పెట్టి పిలిచింది. “ఏమే, అతికించే లెక్క వచ్చిందా?”

“రాలేదు నాయనమ్మా.”

“మరిన్నాళ్ళూ ఏం చదివావే?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గిన్నె అక్కడ పెట్టి పెరట్లోకి వెళ్ళి గోలెం దగ్గర కాసేపు నిలబడ్డాను. తిరిగొస్తుంటే మా నాన్న ఎదురొచ్చి, కళ్ళు అలా ఉన్నాయేంటమ్మాయ్ అన్నాడు. మిరపకాయల ఘాటు నాన్నా అన్నాను. అది శ్రావణమాసం. ఊళ్ళో ఒక్క కళ్ళంలోనూ మిరపకాయ లేదు. మా నాన్న అవునమ్మా అని కండువాతో తన కళ్ళు తుడుచుకున్నాడు.